గోదావరి మహాకొమ్ము

ఇప్పుడైతే ఎవరికి ఏ పాట కావాలన్నా జేబులోంచి ఫోను తీసి నోటితో అడిగితే సరిపోతుంది కానీ, నేను కరీంనగర్‌లో పరిశోధక విద్యార్థిగా వెలగబెట్టిన కాలంలో ఇంటర్నెట్‌కి ఇంకా కాస్త మర్యాద ఉండేది. దాని దగ్గరికి మనమే వెళ్లాలి, చెప్పులు బయట విడవాలి, వంతు వచ్చేదాకా ప్లాస్టిక్ కుర్చీలో బుద్ధిగా కూర్చోవాలి. ప్రపంచ సంగీతం మొత్తాన్నీ బస్టాండు వెనక సందులోని ఒక నెట్ సెంటర్‌లో కూర్చుని జయిద్దామని బయల్దేరిన వీరుణ్ని నేను. మాది భైంసా. ఇంట్లో తరతరాలుగా పత్తి ముచ్చట తప్ప మరో మాట వినపడదు. అలాంటి ఇంట్లోంచి, జనం పాడుకునే సంగీతాన్ని శాస్త్రీయంగా పరిశోధిస్తానని చెప్పి వచ్చేశాను. బాపు అడ్డు చెప్పలేదు కానీ ఒక్క షరతు పెట్టాడు. "గా సెమినార్ల పాసైతే సదువుకో బిడ్డా. కాకుంటే సీదా వచ్చి మామ జిన్నింగు మిల్లుల కాంట కాడ కూసో" అన్నాడు. పత్తి దుమ్ముకి నాకు తుమ్ములు. నన్ను చూస్తే మా మేనమామకి నవ్వు. జీవితాంతం తుమ్ముతూ, ఆ నవ్వు వింటూ పత్తి బస్తాలు తూచడమా, పరిశోధకుడిగా బతకడమా అన్నది, పరిశోధన సాగనివ్వాలో వద్దో తేల్చే ఆ ఒక్క సెమినార్ మీద ఆధారపడి ఉంది.

మా గైడుని మేమంతా చాటుగా లింకు సారు అనేవాళ్లం. ఆయన లెక్కలో సంగీతం రెండే రకాలు, లింకు ఉన్నది, లింకు లేనిది. మొదట్లో నేనూ కొంత అమాయకంగానే ఉండి, "సార్, మంచిర్యాల దిక్కు పెండ్లిండ్లల్ల డప్పులు, సన్నాయిలు వాయించేటోళ్లు ఇంకా ఉన్నరట. బస్సెక్కి పోయి రికార్డు చేసుకొస్త" అన్నాను. ఆయన నా వైపు జాలిగా చూశాడు. "గా ఊర్లు వట్టుకొని తిరుగుడు నెట్టు లేని కాలం ముచ్చట. నువ్వు పోయి తెచ్చినవనుకో, గది నువ్వు తెచ్చినట్టే ఉంటది. గదే విదేశాలకెల్లి తెచ్చినవనుకో, రిఫరెన్స్ అయితది" అన్నాడు. ఈ మాటలోని జ్ఞానానికి అప్పట్లో నా ఒళ్లు పులకరించింది (ఇప్పుడు తలుచుకుంటే కూడా ఒళ్లు ఏదో అవుతుంది కానీ, దాన్ని పులకరింత అనరు). అలా బస్సులో పోయి సాయంత్రానికి తిరిగి రాగలిగిన దూరంలో ఉన్న పాటని వదిలేసి, సముద్రాల అవతల వెతకడం మొదలుపెట్టాను.

వెతుకులాట అంటే అదొక ప్రత్యేకమైన అవమానం. పెద్ద పెద్ద దేశాల పెద్ద పెద్ద గ్రంథాలయాలు మన పాటల్ని చక్కగా భద్రపరిచాయి, ఎంత భద్రంగా అంటే మనం వినలేనంత. వ్యాసం పేరు కనపడుతుంది, నాలుగు వాక్యాల సారాంశం కనపడుతుంది, సరిగ్గా విషయంలోకి దిగబోతుండగా తెర మీద ఒక పెట్టె లేచి, మీ సంస్థకు ప్రవేశం లేదని మర్యాదగా చెబుతుంది. మా సంస్థకు నీళ్ల ట్యాంకే సరిగా లేదు, ప్రవేశం ఎక్కణ్నించి వస్తుంది. ఇంకొన్ని చోట్ల పాశ్చాత్యుల పాటలకి ఒక్కొక్కదానికి ఒక్కొక్క గది ఉండేది. మిగిలిన భూగోళమంతా ప్రపంచ సంగీతం అనే ఒకే అరలో పడుండేది. అందులో మన ఒగ్గుకథ అటు టర్కీకీ ఇటు టిబెట్‌కీ మధ్యన, జాతరలో తప్పిపోయిన పిల్లలా నిలబడి ఉండేది. నేనూ దాని పక్కనే నిలబడి నెలల తరబడి దిక్కులు చూశాను. బాపు ఫోను చేసినప్పుడల్లా "ఏమాయె బిడ్డా, పాట దొర్కిందా?" అనేవాడు. "ఇంకా లోడు అయితంది బాపూ" అనేవాణ్ని. లోడు అంటే ఆయనకి పత్తి లారీయే గుర్తొచ్చేది కాబట్టి, ఆలస్యం సహజమే అనుకుని ఊరుకునేవాడు.

చివరికి ఒక మధ్యాహ్నం దొరికింది. ఏదో విదేశీ విశ్వవిద్యాలయం వాళ్ల ధ్వని భాండాగారంలో, చాలా ఏళ్ల కింద ఒక తెల్లదొర టేపురికార్డరు భుజాన వేసుకుని మన గోదావరి ఒడ్డున తిరిగి పట్టుకున్న పెళ్లి ఊరేగింపు. కింద వివరం ఇంగ్లీషులో ఇలా ఉంది: లక్సెట్టిపేట సమీపం, మధ్యాహ్నం, మూడు డప్పులు, సన్నాయి, ఒక భారీ కొమ్ము, గుర్తించబడలేదు. ఆ చివరి ముక్క చదవగానే నా గుండె జారి మళ్లీ ఎక్కింది. గుర్తించబడనిదాన్ని గుర్తించడం కంటే పరిశోధకుడికి ఇంకేం కావాలి. నెట్ సెంటర్ నడిపే భాయ్‌ని బతిమాలి స్పీకర్లు పెట్టించుకుని విన్నాను. డప్పులు ఉరకలు వేస్తుండగా ఎక్కడో దూరంనుంచి ఒక గంభీరమైన ధ్వని లేచింది. నేలలోంచి పుట్టినట్టు సన్నగా మొదలై, పెరిగి పెరిగి ఆకాశమంతా నిండి, చాలాసేపు అలాగే నిలిచి, మెల్లగా కిందికి దిగిపోయింది. అది మోగినంతసేపూ డప్పులు ఆగిపోయాయి. మళ్లీ మొదలైనప్పుడు మూడు డప్పుల బదులు రెండే వినిపించాయి.

ఆ రోజునుంచి నాకు తిండి సయించలేదు. దానికి గోదావరి మహాకొమ్ము అని నామకరణం చేశాను. టిబెట్ బౌద్ధులు ఊదే పొడుగాటి కొమ్ములు, ఆల్ప్స్ కొండల మీద పశువుల కాపరులు ఊదేవి, ఆఫ్రికా రాజుల ముందు ఊదేవి, ఉచితంగా దొరికిన ప్రతిదాన్నీ దించుకుని పక్కపక్కన పెట్టి విన్నాను. ఏదీ దీని దరిదాపుల్లోకి రాలేదు. నాదే గొప్పది. దాని శబ్దాన్ని బట్టి పొడవు లెక్కగట్టి, అంత పెద్దదాన్ని ఒక్కడు మోయలేడు కనక నలుగురు భుజాన మోస్తుండగా అయిదోవాడు ఊదుతున్నట్టు బొమ్మ కూడా గీశాను. ఆ అయిదోవాడికి బుగ్గలు పెద్దవిగా గీశాను. లక్సెట్టిపేటకి ధర్మపురి ఎంతో దూరం కాదు, ధర్మపురిలో ఉన్నది లక్ష్మీనరసింహస్వామి, కనక ఆ ధ్వని సాక్షాత్తూ స్వామి గర్జనకి ప్రతీక అని తేల్చాను. గర్జన విని డప్పులు భక్తితో ఆగుతాయి, ఒక డప్పు తన నాదాన్ని స్వామికి అర్పించి శాశ్వతంగా మౌనం వహిస్తుంది. ఈ ఒక్క ముక్క మీద 'మౌనించిన డప్పు' అనే పేరుతో ఒక అధ్యాయమే రాశాను. లింకు సారు దాన్ని చదివి, కళ్లజోడు తీసి, "గీ దెబ్బతోని మన డిపార్ట్‌మెంట్ ప్రపంచపటం మీదికి వోతది" అన్నాడు. నెట్ సెంటర్ భాయ్ ఒక్కడే నా కీర్తికి అడ్డు తగిలాడు. "క్యా మియా, రోజు గీ బూఁ అనుడేంది. జర హెడ్‌ఫోన్ వెట్టుకో. ఆడ నౌకరీలకు ఫారాలు నింపేటోళ్లు పరేషాన్ అయితున్రు" అన్నాడు. కళాహృదయం లేని మనిషి అనుకున్నాను.

సెమినార్‌కి పరీక్షకుడిగా వరంగల్ నుంచి ఒక పెద్ద సారు వచ్చాడు. ఆయన పేరు చెబితేనే పరిశోధకులకి జ్వరం వచ్చేది. ఆయన చేతిలో ఫెయిలైనవాళ్లు ఒక సంఘం పెట్టుకోవచ్చని చెప్పుకునేవాళ్లు. తెల్లచొక్కా, అచ్చుపుస్తకంలోంచి తీసి మాట్లాడినట్టుండే తెలుగు. నా ముందు మాట్లాడిన అమ్మాయి చెప్పినదంతా విని, "మీ ప్రతిపాదనలో శ్రమ కనిపించుచున్నది, విషయం కనిపించుట లేదు" అని కూర్చోబెట్టేశాడు. నాకు ముక్కులో అప్పుడే పత్తి దుమ్ము వాసన వచ్చింది. రికార్డింగు పెట్టాను. పెద్ద సారు కళ్లు మూసుకుని వింటున్నాడు. డప్పులు వినిపించినంతసేపూ కదల్లేదు. కొమ్ము లేచింది. ఆయన గబుక్కున కళ్లు తెరిచి, నిటారుగా కూర్చుని, చేతి గడియారం చూసుకున్నాడు.

"మళ్లొకసారి పెట్టుము" అన్నాడు. పెట్టాను. లింకు సారు నా చెవి దగ్గరికి వంగి, "పడ్డడు, మనిషి పడ్డడు" అని గుసగుసలాడాడు. పెద్ద సారు ఈసారి బల్ల అంచు పట్టుకుని విన్నాడు. తర్వాత నన్ను చెప్పమన్నాడు. ఇక నన్ను పట్టేవాళ్లు లేరు. టిబెట్ చెప్పాను, ఆల్ప్స్ చెప్పాను, నరసింహస్వామి గర్జన చెప్పాను, మౌనించిన డప్పు దగ్గర గొంతు కొంచెం గద్గదం చేశాను, చివర్న నలుగురు మోసే కొమ్ము బొమ్మ తెర మీద వేశాను. ఆయన ఎక్కడా అడ్డు తగల్లేదు. ఆ అయిదోవాడి బుగ్గల్ని మాత్రం కొంచెం ఎక్కువసేపు చూశాడు.

"ఇగ అయిపోయిందా?" అన్నాడు. ఆ గొంతులో అచ్చుపుస్తకం ఎటు పోయిందో తెలియదు.

"అయిపోయింది సార్."

"గిది సెకండ్ షిఫ్టు సైరన్" అన్నాడు.

అందరికంటే ముందు తేరుకున్నది లింకు సారు. "కాదు సార్, లింకు ఉంది సార్" అన్నాడు. మనిషి నమ్మకానికి చేతులెత్తి మొక్కాల్సిన క్షణం అది.

పెద్ద సారు ఆయన వైపు చూడను కూడా చూడలేదు. "మాది బొగ్గుబాయి కాలనీ. నేను పుట్టింది, పెరిగింది గా కూత కిందనే. లక్సెట్టిపేటల బాయి ఎక్కడిది, గా దొర ఆడ దిగి ఉంటడు, గదే రాసుకున్నడు. గా పెండ్లి మా కాలనీలదో, పక్క కాలనీలదో. కూత వడ్డంక డప్పు ఎవనికి ఇనవడ్తది? అందుకే ఆపిండ్రు. ఆపి బీడీలు ముట్టిచ్చుకుంటరు" అన్నాడు. నేను ఆశ చావక, "మరి సార్, ఆ మూడో డప్పు?" అన్నాను. "గాడు డ్యూటీకి పోయిండు. పెండ్లయినా, దావతయినా, సైరన్ కూసిందంటే డప్పు ఆడనే దించి పోవుడే. లేకుంటే మస్టర్ల హాజరు పోతది" అన్నాడు. నా అధ్యాయం, దాని వెనక నరసింహస్వామి, ఆ వెనక టిబెట్, అన్నీ ఒకదాని వెంట ఒకటి ఆ మూడో డప్పువాడితోపాటే బాయి దిగిపోయాయి. వెనక బెంచీల్లో ఎవరో నవ్వారు. ఆ నవ్వు అచ్చం మా మామ నవ్వులా వినిపించింది.

పెద్ద సారు నవ్వలేదు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు, పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు. "గా బాయి మూసి శానా ఏండ్లాయె. బాయితోపాటు కూత గూడ పోయింది. నన్ను కన్న అవ్వకు గడియారం సూడరాదు. గీ కూతకే మా బాపుకు టిఫిన్ డబ్బా చేతుల వెట్టేది. బాపు లేడు, అవ్వ లేదు. మళ్ల ఇంటననుకోలే" అన్నాడు. నా వైపు తిరిగి, "జర మళ్లొకసారి వెట్టు బాబూ" అన్నాడు. పెట్టాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆ ధ్వని లేచి, నిండి, దిగిపోయేదాకా హాల్లో ఎవరూ కదల్లేదు. నెలల తరబడి వింటున్న నాకు అది అప్పుడే మొదటిసారి వినపడింది.

నన్ను ఫెయిల్ చేయలేదు. మహాకొమ్మును మాత్రం పెన్నుతో కొట్టేశాడు. దాని స్థానంలో, షిఫ్టుకూ షిఫ్టుకూ మధ్య డప్పు పట్టే గనికార్మికుల సంగీతం అని ఆయనే తన చేత్తో రాసి, కింద సంతకం చేసి, "ముందుగాల బస్సెక్కు" అన్నాడు. ఎక్కాను. ఆ బస్సు మంచిర్యాలకి ఎంత తొందరగా చేరిందో చూస్తే నాకు సిగ్గేసింది. బాపుకి ఫోను చేసి పాసయ్యానని చెప్తే, "అయితే లోడు దిగినట్టేనా?" అన్నాడు.

తర్వాత ఆ భాండాగారంవాళ్లకి వినయంగా ఒక మెయిల్ రాశాను, అయ్యా అది కొమ్ము కాదు, గని సైరన్ అని. ఎంతో మర్యాదగా జవాబిచ్చారు. మీ ఆసక్తికి ధన్యవాదాలు, మీ అభిప్రాయాన్ని బలపరిచే ఆధారం ఆన్‌లైన్‌లో ఎక్కడైనా ఉంటే లింకు పంపగలరు అన్నారు. లింకు సారుకు ప్రపంచవ్యాప్తంగా శిష్యులున్నారని ఆనాడు తెలిసింది. ఆ పేజీలో ఇప్పటికీ అది గుర్తించబడని భారీ కొమ్మే.

నేను గీసిన బొమ్మ మాత్రం నా బల్ల ఎదుటి గోడకి ఉంది. ఆ నలుగురూ పాపం ఇంకా మోస్తూనే ఉన్నారు, అయిదోవాడు బుగ్గలు పూరించి ఊదుతూనే ఉన్నాడు. వాళ్లని నమ్మిన కుర్రాడి మీద ఇప్పుడు నాకు కోపం రావడం లేదు. పెద్ద సారు రిటైరై చాలా కాలమైంది. ఎప్పుడో ఒకసారి మధ్యాహ్నం భోజనాలయ్యాక ఫోను చేస్తాడు. బాగోగులేమీ అడగడు. "జర వెట్టు" అంటాడు. నేను స్పీకరు దగ్గర ఫోను పట్టుకుంటాను. డప్పులు ఆగుతాయి, కూత లేస్తుంది, నిలుస్తుంది, దిగుతుంది. అవతల కాసేపు ఊపిరి మాత్రమే వినపడుతుంది. తర్వాత "ఆఁ, ఇగ పోత" అని పెట్టేస్తాడు.