గీత కింది కోల్డ్ స్టోరేజీ

ఆడిట్ పనిలో నాకు అన్నిటికంటే విసుగు పుట్టించేది గీత గీయడం. ఒకే యజమాని కింద నాలుగైదు కంపెనీలుంటే అన్నిటికీ వెళ్ళి చూడటం కుదరదు. మొత్తం లెక్కను తారుమారు చేయగల పెద్దవాటిని ఎంచుకుని వాటికే వెళ్తాం. గీత కిందివాటి కాగితాలు బల్ల దగ్గరే తిరగేస్తాం. చిన్నదైనా ప్రమాదం ఉంటే గీత పైకి తీసుకోవాలని నియమం ఉంది. చిన్న పామునైనా పెద్ద కర్రతో కొట్టాలని సామెతా ఉంది. రెండూ నాకు తెలుసు. అయినా కాలు కదపలేదు.

నా ఆఫీసు జహీరాబాద్‌లో. నేను ఆడిట్ చేసే ఒక యజమానికి ఇక్కడ ట్రాక్టర్ల షోరూం, చిరాగ్‌పల్లి దగ్గర లారీల కంపెనీ, కోహీర్‌లో ఒక కోల్డ్ స్టోరేజీ ఉండేవి. మొదటి మూడేళ్ళూ కోల్డ్ స్టోరేజీ నా గీత కిందే ఉండిపోయింది. దాని మేనేజరు ఒక ముసలి సాయబు. ఏటా ఆడిట్ మొదలవగానే ఫోన్ చేసేవాడు.

"సాబ్, ఈసారన్న వస్తరా?"

"కాగితాలు పంపండి చాచా, చాలు."

"కాగితాలు పంపుత. మీరొక్కసారి వచ్చి చూస్తే మంచిగుంటది. జర చాయ్ తాగి పోదురు."

పొద్దుపోక పిలుస్తున్నాడనుకుని నవ్వుకున్నాను. ఆయన పంపిన జాబితాలో విత్తనపు ఆలుగడ్డ అంతా కంపెనీ సొంత సరుకని ఉండేది. దాన్నే చూపించి బ్యాంకులో అప్పు తెచ్చారు. కూడికలు సరిపోయాయి, టిక్కు పెట్టాను.

నాలుగో ఏడు అప్పు కట్టలేదని బ్యాంకు వాళ్ళు కోల్డ్ స్టోరేజీకి తాళం వేశారు, కరెంటూ తీసేశారు. సరుకు లెక్కపెట్టే రోజు నన్నూ రమ్మన్నారు. అలా మొదటిసారి వెళ్ళాను. అరగంట దారి, అంతే.

గేటు ముందు రైతులు గుమిగూడి ఉన్నారు. లోపల టార్చి వేయగానే బస్తాలు కనిపించాయి. ప్రతి బస్తా మూతినీ పాత చీర పీలికతో కుట్టారు. ఒక వరుసకు ఎర్రది, ఒకదానికి పచ్చది, ఇంకోదానికి పూల అంచు. బస్తాలు కలిసిపోకుండా ఎవరింటి చీర పీలిక వాళ్ళు కుట్టుకుంటారు ఇక్కడ. కంపెనీకి చీరలెక్కడివి? బడి మొహం చూడనివాడైనా గుమ్మంలో నిలబడి చెప్పేస్తాడు, అది రైతులు కిరాయికి దాచుకున్న విత్తనమని.

చాచా నా పక్కకొచ్చి మెల్లగా అన్నాడు. "మాలిక్ రాయమన్నట్టు రాసిన సాబ్. ఫోన్ల చెప్తే నౌకరి పోతుండె. మీరొస్తే నేను చెప్పే పనే లేకుండె."

సరుకు రైతులదని ఆరోజే రాసిచ్చాను. ఆ కాగితం ఆఫీసుల చుట్టూ తిరిగి తాళం తీసేసరికి విత్తే అదను దాటిపోయింది. సగం గడ్డ కుళ్ళిపోయింది.

తాళం తీసిన రోజు మొగుడంపల్లి నుంచి ఒక పెద్దమ్మ వచ్చింది. తన నీలం పీలికల బస్తాలు ఒక్కొక్కటే విప్పి, వాసన చూసి, పక్కకు నెట్టింది. కుట్టు విప్పిన పీలికలు మాత్రం మడిచి రొంటిన దోపుకుంది.

"లెక్కలు చూసేటోనివి నువ్వేనా బిడ్డా?"

"అవునమ్మా."

"ఏడ కూసోని చూసినవు?"

"జహీరాబాద్‌లో, ఫ్యాను కింద అమ్మా."