కుక్కకు లేచి నిలబడ్డ ఊరు

రాయదుర్గంలో ఒక్కో ఇంటికి ఒక్కో వెట్టి. ఒకరు కోటలాంటి దొర గడికి నీళ్లు మోయాలి, ఇంకొకరు కట్టెలు కొట్టాలి. వీరేశం వంతుకు కుక్క వచ్చింది. కూలి లేదు, గింజ లేదు. తెల్లవారగానే దొర వేటకుక్కను గుట్టల దాకా తిప్పుకు రావాలి. కుక్కను తిప్పడం కూడా ఒక కష్టమా అనుకునేరు! ఆ కుక్క పోతుంటే అరుగుల మీదున్న వాళ్లు సాక్షాత్తూ దొరే పోతున్నట్టు లేచి నిలబడాలి. కాలు పట్టేసి లేవలేకపోయాడని, అదే వీధిలో ఉండే ముసలి పోచమ్మ పెనిమిటిని గడి ముందు చింతబరికెలతో కొట్టించారు. ఆ ముసలాయన మంచం పట్టి, వారానికే పోయాడు.

ఆనాడు గొలుసు పట్టుకున్నది వీరేశమే. ఆ పాపం తనకూ అంటిందని లోలోపల ఉడికిపోయేవాడు. రోజూ ఇంటికి రాగానే బొగ్గుముక్క తీసి, ఆ పూట నడకను గోడ మీద గీసేవాడు: కుక్క, గుట్ట, లేచి నిలబడ్డ జనం.

"ఇంట్ల గీ కుక్క బొమ్మలేంది? జర ఏ నెమలినన్న గియ్యరాదు?" అనేది భార్య కిష్టమ్మ.

"నెమలికి ఎవడన్న లేచి నిలబడ్డడా? మనం ఎట్ల బతికినమో మన పిల్లలు సూడాలె," అనేవాడు.

నలభై ఎనిమిదిలో నిజాం రాజ్యం మీదికి మిలిటరీ దిగింది. దొర కుక్కను కూడా వదిలేసి, చెప్పాపెట్టకుండా పట్నం పారిపోయాడు. మర్నాడు కుక్క ఒక్కటే వీధిలోకి వచ్చింది. అరుగుల మీదున్న వాళ్లంతా లేచి నిలబడ్డారు! అది చూసిన వీరేశానికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఎవలకు లేస్తున్నరు? దొర పాయె, గొలుసు పాయె! సిగ్గు లేదా?"

"ఏం జేద్దుం బిడ్డా, కాళ్లు వాటంతటవే లేస్తున్నయి," అంది పోచమ్మ. మొగుణ్ణి పోగొట్టుకున్న ఆమె కూడా లేచే ఉంది.

ఇంకెవరి మీద కేకలేయాలి? అలవాటు పడ్డ కాళ్లకు అలవాటే మందు అనుకున్నాడు. ఎవరూ చెప్పకుండానే రోజూ కుక్కను వీధంతా తిప్పాడు. లేచిన వాళ్లను తిట్టాడు, భుజాలు పట్టి కూర్చోబెట్టాడు. మొదట పోచమ్మ ఒక్కతే కూర్చోగలిగింది, తర్వాత మరో ఇద్దరు, నెలా రెండు నెలలకు అరుగంతా. గోడ మీద బొమ్మలూ అలాగే మారుతూ వచ్చాయి.

చలికాలంలో దొర తిరిగొచ్చాడు. నిన్నటిదాకా షేర్వానీ, ఇవాళ ఖద్దరు టోపీ. ఊసరవెల్లి కూడా సిగ్గుపడాలి! కుక్క గొలుసు తానే పట్టుకుని, ఊరు ఇంకా తనదేనా కాదా చూద్దామని వీధిలోకి వచ్చాడు.

అరుగు మీద వీరేశంతో కలిపి పన్నెండు మంది ఉన్నారు. పదకొండు మంది కదల్లేదు. వీరేశం లేచి నిలబడ్డాడు.

ఊరందరికీ కూర్చోవడం నేర్పిన మనిషి, ఎప్పుడూ కుక్క వెంట నడవడమే తప్ప, అది పోతుంటే తాను ఒక్కనాడూ అరుగు మీద కూర్చోలేదు మరి. దొర మీసం చాటున నవ్వాడు. ఆ నవ్వును చూసి కన్నా, వాటంతటవే లేచిన తన కాళ్లను చూసి వీరేశానికి ఒళ్లు భగ్గుమంది. వాటిని నరికి పారేయాలన్నంత కోపం వచ్చింది.

పోచమ్మ జరిగి చోటిచ్చింది.

"కూసో బిడ్డా. ఇగ నువ్వొక్కనివే మిగిలినవ్."

వీరేశం కూర్చున్నాడు. దొర ఇంకా నిలబడే ఉన్నాడు.