పేరెత్తని బియ్యం

తండ్రి ముత్తయ్య ఎండాకాలంలో పోయాడు. పోయిన పెద్దలకు బియ్యమిచ్చే పెత్రమాస దగ్గరపడుతుంటే తమ్ముడు నగేష్ మహబూబాబాద్‌లో అక్క యాకమ్మ ఇంటికి వచ్చాడు. గుళ్లో అయ్యగారికి బాపు పేరు మీద బియ్యం ఇవ్వాలి గదా, పనిలో పని అవ్వ పేరు కూడా కలుపుదామన్నాడు. యాకమ్మ చేతిలో చాట ఆగిపోయింది.

నగేష్ పుట్టిన తర్వాత వాళ్లను కన్న అవ్వ వీరమ్మకు మతి చెదిరింది. బాపు ఆమెను జనగామ అవతల పిచ్చి దవాఖానలో వదిలి వచ్చాడు. కొన్నాళ్లకు చనిపోయిందన్నాడు. కానీ ఏటా పెత్రమాసకు తన తల్లికి బియ్యం ఇచ్చాడే గాని, పెళ్లాం పేరు ఒక్కసారీ ఎత్తలేదు. బతికున్న మనిషి పేరు మీద బియ్యం ఇస్తే చేతులారా సాగనంపినట్టే. చిన్నప్పుడు యాకమ్మ అదేమని అడిగితే అన్నం ముందు నుంచి లేచిపోయాడు. ఆమె మళ్లీ అడగలేదు. అవ్వ ఎక్కడో ఉందనుకుంటూనే పిల్లల్ని కన్నది, పెంచింది, పెళ్లిళ్లు చేసింది.

"ఉన్నదో పోయిందో తెల్వకుంట ఎట్ల ఇస్తం రా?" అంది.

"ఎవల్నడుగుతవక్కా? ఆ దవాఖాన మూతబడి ఎన్నేండ్లాయె. గోడలు చెప్తయా?"

మర్నాడు యాకమ్మ ఒక్కతే జనగామకు పాసింజరు రైలెక్కింది.

దవాఖాన గేటుకు తలుపుల్లేవు. కిటికీ రెక్కలు, దూలాలు ఎవరికి అందినవి వాళ్లు పట్టుకుపోయారు. పైకప్పు చీల్చుకొని వేపచెట్టు లేచింది. ఆడవాళ్ల గదిలో తుప్పుపట్టిన మంచాల మీద గబ్బిలాల రెట్ట. కిటికీ చువ్వలకు పైనంతా రంగు ఉంది, చేతులు పట్టుకునే చోట మాత్రం లేదు. యాకమ్మ అక్కడే పట్టుకొని నిలబడింది. ఎదురుగా గేటు కనబడుతోంది.

వరండాలో మేకలు కట్టేస్తున్న ముసలాయన పేరు లచ్చయ్య. ఒకప్పుడు అక్కడ బట్టలుతికేవాడట. మూసేసేటప్పుడు నడవగలిగిన వాళ్లను బస్సెక్కించి పట్నం పంపారని, అంతకుముందే పోయినవాళ్లలో అడిగే దిక్కు లేనివాళ్లను వెనక గోడ కింద పూడ్చిపెట్టారని చెప్పాడు. యాకమ్మ అవ్వ పేరు చెప్పింది. పెదవి కింద గదుమ మీద పచ్చబొట్టు ఉంటుందని చెప్పింది. ఆయన మేక తాడు ముడి బిగించాడు.

"అందరికి ఒక్క తీరు చీరె, అందరికి గుండు. ఉన్నదనలేను, లేదనలేను బిడ్డా."

గోడ వెనక నేల అక్కడక్కడ కుంగి ఉంది. అంతటా గునుగు పూసింది. ఒక్క గుంతకూ గుర్తు లేదు. యాకమ్మ చెప్పులు విడిచి, ఎక్కడ కాలు పెట్టాలో తెలియక గట్టు మీదే కూర్చుంది.

పెత్రమాసనాడు గుళ్లో బాపు పేరు మీద ఇచ్చిన తర్వాత ఆమె కొంగు చాటు నుంచి ఇంకో పళ్లెం తీసింది. బియ్యం, పప్పు, బీరకాయలు. ఎవరి పేరు మీదని అయ్యగారు అడిగారు.

"జనగామ దవాఖాన గోడ కింద ఉన్నోళ్లకు, అయ్యగారు. పేర్లు తెల్వయి."

పేరూ గోత్రం లేకుండా ఎట్లా అన్నట్టు ఆయన తలెత్తారు. ఆమె ముఖం చూసి నీళ్లు వదిలారు.

"అవ్వ పేరు చెప్పకపోతివి," అన్నాడు నగేష్, మెల్లగా.

"వాళ్లల్ల ఉంటే ఆమెకు ముడుతది. లేకుంటే, బతికున్న అవ్వను నేను సాగనంపలే గదరా."

ఖాళీ పళ్లెం కొంగుతో తుడిచి, చంకన పెట్టుకొని, తమ్ముడి కంటే ముందే మెట్లు దిగింది.