గంధం పెట్టిన విమానం

హొసూరులో ఇనుప సామాన్ల అంగడి నడిపే మునిరాజు నలభై రెండో ఏట విమానం నడపడం నేర్చుకున్నాడు. ఆ తర్వాత పన్నెండేళ్లలో గాలిలో తిరిగిన దానికంటే, తన చిన్న రెండు సీట్ల విమానం చుట్టూ నేల మీద తిరిగిందే ఎక్కువ. ప్రతి మరనూ వేలితో తాకేవాడు. పెట్రోలును గ్లాసులో పట్టి, నీళ్లు కలిశాయేమోనని వెలుతురుకు ఎత్తి చూసేవాడు. ఆయన చూడడం ముగిసేలోపు రాయకోట రైలు ధర్మపురి పోయి తిరిగి వస్తుందని రన్‌వే దగ్గర చెప్పుకునేవారు. చక్రాలు నేల వదిలాక మాత్రం సూళగిరి దాకా పాడుతూనే పోయేవాడు. కింద మేకలు బెదిరేది ఇంజను మోతకు కాదని స్నేహితుడు ప్రసాదు ఒట్టు పెట్టి చెప్పేవాడు.

ప్రసాదుకు గులాబీ తోటలున్నాయి. విమానంలో సగం వాటా అతనిది, అతనూ నడిపేవాడు. ఎగిరే ముందు మాత్రం ఏదీ చూసుకునేవాడు కాదు.

"మునిరాజన్న చూసినాక నేనేంది చూసేది? పెండ్లిచూపుల్లో వదినను గూడా ఇంతసేపు చూసి ఉండడు" అంటూ ఎక్కి కూర్చునేవాడు. ఆ మాట మునిరాజుకు లోలోపల ఇష్టం.

ఆయుధపూజ నాడు మునిరాజు భార్య పుష్పవతి విమానానికి గంధం, కుంకుమ పెట్టింది. రెక్క కింద ఒక సన్నని గొట్టం ఉంటుంది. దాని నోట్లోకి దూరే గాలితోనే లోపల వేగం చూపే ముల్లు కదులుతుంది. ఆ నోటికీ ఆమె భక్తిగా చిక్కటి బొట్టు పెట్టింది. పూజ చేసిన పనిముట్టును ఆ రోజు ముట్టకూడదు. మునిరాజు ముట్టలేదు.

మరునాడు ప్రసాదు ఒక్కడే ఎగిరొస్తానన్నాడు. మునిరాజు గొట్టాన్ని తడిగుడ్డతో తుడిచాడు. పైకి శుభ్రంగానే కనిపించింది. మెకానిక్‌తో ఊదించాలనిపించింది కానీ, పండగపూట ఎవరొస్తారు?

"చూసినావా అన్నా?"

"చూసినాను, పో."

విమానం లేచిన కాసేపటికి, కింద నిలబడ్డ మునిరాజు చేతిలోని రేడియో పలికింది.

"అన్నా, ముల్లు సున్నా మీదే నిలబడింది."

"భయపడొద్దు. ముక్కు కొంచెం దించు. పెద్ద చుట్టు తిరిగి నిదానంగా రా."

"ఎంత వేగంలో ఉండానో తెలుస్తా లేదన్నా."

"నేను చూస్తా ఉండాను కదా."

"నువ్వు చూస్తా ఉంటే సరే."

మలుపులో వేగం చాలక ఒక రెక్క వాలింది. విమానం రాగి చేలో పడింది. మునిరాజు పరుగెత్తి చేరేసరికి ప్రసాదు ప్రాణం పోయింది.

విచారణకు వచ్చిన అధికారి, తుడిచినప్పుడు గంధం లోపలికి నెట్టుకుపోయిందని తేల్చాడు. "నడిపేవాడే చూసుకోవాలనేది నియమం సార్. తప్పు ప్రసాదుదే అవుతుంది" అన్నాడు.

"అతను అడిగినాడు. చూసినానని నేను చెప్పినాను. అది రాసుకోండి."

అధికారి రాసుకోలేదు.

ఇంటికి వస్తే పుష్పవతి పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్లయినా ముట్టలేదు. "నేను పెట్టిన గంధమేనా?" అంది.

"గంధం అందరూ పెడతారు. చూసినానని చెప్పింది నేను."

ఆమె ఇప్పటికీ నాలుగు రోజులకోసారి అదే అడుగుతుంది. ఆయనా అదే జవాబు చెబుతాడు.