శ్రావణంలో దిగుతానన్న కిరాయిదారు

నన్ను ఖమ్మంలోని ఖానాపురం హవేలి శాఖకు సీనియర్ ఏజెంటుగా వేసింది ఒక జ్యేష్ఠమాసంలో. మాది కిరాయి ఇళ్లు చూపించే సంస్థ. ఇల్లు నచ్చినవాళ్లు టోకెన్ ఇస్తే పదిహేను రోజులు ఆపుతాం, ఆలోగా దిగకపోతే ఇంకొకరికి చూపిస్తాం. నా కింద జూనియర్ ఏజెంటు సుజాత. చేరి ఏడాది కాలేదు, అయినా ఓనర్లు ఫోన్ చేసి ఆమెనే అడిగేవాళ్లు. నా కడుపు మండేది, దాచుకోవడమెందుకు.

చర్లలో పనిచేసే నర్సు ఒకామె వచ్చింది. ఖమ్మానికి బదిలీ అయింది గానీ, ఆమె స్థానంలోకి ఇంకొకరు వచ్చేదాకా అక్కడ రిలీవ్ చేయరు. శ్రావణం దాకా పట్టొచ్చంది. భర్తకు వారానికి రెండుసార్లు డయాలసిస్. దవాఖానాకు దగ్గరలో, మెట్లెక్కే పనిలేని ఇల్లు కావాలి. మా దగ్గర అలాంటిది లక్ష్మమ్మగారిది ఒక్కటే. నేను నియమం చెప్పి పంపించేశాను.

రెండు రోజులకే సుజాత ఆ ఇంటినే ఆమెకు ఖాయం చేసింది. మేనేజరు నా ఎదుటే మెచ్చుకున్నాడు. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

టోకెన్ ఇచ్చిన పదహారో రోజున, సుజాత సెలవులో ఉండగా, ఆషాఢం పట్టింపు లేని ఒక బ్యాంకు ఉద్యోగిని వెంటబెట్టుకుని లక్ష్మమ్మగారి దగ్గరికి వెళ్లాను. గడువు దాటిందని, ఈయన రేపే దిగుతాడని, చర్ల ఆమె వస్తుందన్న నమ్మకం లేదని చెప్పాను.

ఆమె మమ్మల్ని కూర్చోమనలేదు. పక్కనే ఉన్న ఆ కిరాయి ఇంట్లోకి తీసుకెళ్లి వంటగది తలుపు తీసింది. గట్టు మీద పసుపు రాసిన గిన్నె, దేవుడి పటం ఉన్నాయి. ఆషాఢం రాకముందే మంచిరోజు చూసి, సుజాత ఆ నర్సును బస్సులో రప్పించి పాలు పొంగించిందట. ఇక సామాను ఏ నెలలో తెచ్చుకున్నా పట్టింపు లేదు.

"పాలు పొంగిచ్చి పోయిన ఇంట్ల ఇంకొకల్ల పొయ్యి ఎట్ల పెట్టిస్త సారూ? ఆమె పెనిమిటికి పానం బాగలేదని నీకెరికే గద," అంది.

ఎరుకే. బ్యాంకు ఉద్యోగి నా వైపు చూడకుండా చెప్పులు వేసుకున్నాడు.

శ్రావణం రెండో వారంలో నర్సు భర్తతో సహా దిగింది. సంగతి తెలిసి కూడా సుజాత నాతో ఎప్పటిలాగే మాట్లాడింది, అది ఇంకా మండించింది. ఆమెను దెబ్బతీయబోయి ఒక రోగి ఇంటికి ఎసరు పెట్టబోయానని ఒప్పుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. ఆలస్యంగా దిగుతానన్నవాళ్లను గడువు చెప్పి భయపెట్టకూడదు, ఆ ఇంటితో వాళ్లకు ముందే ఒక ముడి వేయాలి. నేను నేర్చుకున్నది అదే. ఈర్ష్య మాత్రం పోలేదు. రిటైరయ్యేదాకా అలాంటి కిరాయిదారులందరినీ సుజాత దగ్గరికే పంపాను.