గెంతే అచ్చు

యజ్ఞనారాయణగారికి ఒకటే జబ్బు. ఏదైనా మాట చెవినపడితే దాని పుట్టుక చెప్పేదాకా ఊరుకోరు. హైదరాబాదులో జర్మన్ పాఠాలు చెప్పి రిటైరై, కేంబ్రిడ్జ్‌లో మా పక్కింట్లో దిగారు.

ఓసారి తలో వంటకం తెచ్చే పాట్‌లక్‌కి నేను చేసిన పులిహోరలో ఉప్పు రెండుసార్లు పడింది. అందరూ నీళ్ల కోసం తడుముకుంటుంటే ఆయన మొదలుపెట్టారు. "అనంత్, శాలరీ అనే మాట లాటిన్‌లో ఉప్పు నుంచే పుట్టిందయ్యా!" ఇంక అందరూ శాలరీల గోలలో పడ్డారు. నాకు ఒళ్లు మండింది. నా పులిహోర గురించి ఒక్కరూ నోరెత్తలేదు మరి!

మా అమ్మాయి ధాత్రి పుట్టినరోజుకి కేకు నేనే చేస్తానని కోతలు కోశాను. ఆఫీసులో సర్వర్లు పడిపోకుండా చూసేవాణ్ణి, ఒక్క కేకు నిలబెట్టలేనా? చుట్టూ ఉన్న రింగు క్లిప్‌తో ఊడివచ్చే స్ప్రింగ్‌ఫార్మ్ పాన్ ఒకటి కొన్నాను. కేకు బ్రహ్మాండంగా పొంగింది. పాన్‌ను రింగు దగ్గర రెండు చేతులా ఎత్తి పట్టుకుని, పెళ్లికొడుకులా నడిచొచ్చి, పిల్లలందరి ముందూ స్టైలుగా క్లిప్ లాగాను.

రింగు నా చేతిలో మిగిలింది. కేకు అడుగు పళ్లెంతో సహా నేలమీద పడి ముక్కలైంది.

"డాడ్... మై కేక్!" ధాత్రి పెదవి వణికింది. మా ఆవిడ అమృత చూసిన చూపుకి ఆ రింగులో దూరి పారిపోదామనిపించింది.

"ఆగండాగండి!" యజ్ఞనారాయణగారు లేచారు. "దాని పేరేంటోయ్?"

"స్ప్రింగ్‌ఫార్మ్, అంకుల్," అన్నాను ఏడుపుగొంతుతో.

"జర్మన్ మాట! ష్ప్రింగెన్ అంటే గెంతడం, ఫోర్మ్ అంటే అచ్చు. గెంతే అచ్చు! క్లిప్ తీస్తే రింగు గెంతాలి. కానీ ధాత్రమ్మా, మీ నాన్న కేకుకి జర్మన్ కాస్త ఎక్కువొచ్చు. అదే గెంతేసింది!"

"ఇట్ జంప్డ్!" ధాత్రి పకపకా నవ్వింది. పిల్లలంతా "ష్ప్రింగెన్! ష్ప్రింగెన్!" అంటూ హాలంతా గెంతారు. పళ్లెంలో మిగిలిన ముక్కల మీద అమృత ఐస్‌క్రీమ్ వేసి పెడితే పోటీలు పడి తిన్నారు.

పిల్లలు వెళ్లాక ప్లేట్లు తీస్తూ యజ్ఞనారాయణగారి భార్య దమయంతిగారిని అడిగాను. "ఇంట్లో ఎలా వేగుతున్నారాంటీ? రోజంతా ఈ పుట్టుకలేనా?"

ఆవిడ ఆశ్చర్యపోయారు. "ఇంట్లోనా? అసలు నోరే విప్పరు నాయనా. నలుగురిలో ఎవరైనా తల దించుకోవాల్సొస్తేనే ఆయనకి పుట్టుకలు గుర్తొస్తాయి."

"అదేంటాంటీ? మా ఇంటికొచ్చినప్పుడల్లా చెబుతూనే ఉంటారే!"

దమయంతిగారు నవ్వు ఆపుకుంటూ, ప్లేట్లు తీసుకుని గబగబా వంటింట్లోకి వెళ్లిపోయారు.