భయం ఉన్న మనిషి, క్లచ్ లేని బండి

మా పెద్దబాపు మొన్న పొద్దున పోయాడు. గుండె ఆగిందని డాక్టరు చెప్పాడు. కబురు విన్నప్పటి నుంచి నాకు ఒకటే దిగులు. ప్రపంచంలో ఉన్న ప్రతిదానికీ భయపడిన ఆ మనిషి, చావు ఎదురుగా వచ్చి నిలబడితే ఎంత భయపడ్డాడో! నిద్రలోనే పోయాడు, ఆయనకు తెలియలేదని పెద్దమ్మ అంటోంది. తెలియకపోవడమే మంచిదైంది. తెలిసి ఉంటే మంచం కిందికి దూరేవాడు.

పాఠకులు మన్నించాలి. పోయినవాళ్లను ధీరులనీ గంభీరులనీ రాయడం మర్యాద అని నాకూ తెలుసు. కాలేజీలో చదివినవాణ్ణి, అలాంటి మాటలు నా దగ్గర బస్తాడు ఉన్నాయి. కానీ మా పెద్దబాపు ధైర్యవంతుడని రాస్తే మా పేట దబీర్‌పురా మొత్తం నవ్వుతుంది. ఆయన బర్రెలు కూడా నవ్వుతాయి.

మనిషి చూడటానికి ఆరడుగుల పైన. మీసాలు నిమ్మకాయలు నిలబెట్టేంత. పాల వ్యాపారం చేసే మా వాళ్లలో అలాంటి శరీరం ఉంటే పేటంతా 'పహిల్వాన్' అనే పిలుస్తుంది. ఈ పహిల్వాన్ చెప్పులు వేసుకునే ముందు వాటిని దులిపి చూసేవాడు, తేలు ఉంటుందని. తాళం వేశాక లాగి చూసేవాడు, నాలుగడుగులు వేసి వెనక్కి వచ్చి మళ్లీ లాగేవాడు. మూసీ మీద వంతెన దాటేటప్పుడు టాంగాలో కళ్లు మూసుకుని కూర్చునేవాడు. "ఎందుకు పెద్దబాపూ, నీళ్లు మోకాలి లోతు కూడ లెవ్వు గద?" అంటే, "నీళ్లకు మన లెక్క తెల్వది బిడ్డా" అనేవాడు.

అలాంటి మనిషి చేతికి క్లచ్ లేని అమెరికా బండి వచ్చింది.

జాగీర్లు పోయాక ఒక దేవిడీ వాళ్లు, అంటే నవాబుల భవంతి వాళ్లు, వదిలించుకున్న పికప్ అది. ముందు ఇద్దరు కూర్చోవచ్చు, వెనక పాల క్యాన్లు పెట్టుకోవచ్చు. స్టీరింగ్ ఎడమ వైపు. గేర్లు మనం మార్చే పని లేదు, వేగాన్ని బట్టి అవే మారతాయి. ఎడమ కాలికి పనే లేదు. బ్రేకు మీద నుంచి పాదం తీస్తే చాలు, పిలవకుండానే ముందుకు పాకుతుంది. మొదటి రోజు అలా పాకినప్పుడు పెద్దబాపు గడ్డివాము ఎక్కి కూర్చున్నాడు. "ఎవడు తోల్తుండు దాన్ని? లోపట ఎవడున్నడు?" అని పైనుంచి కేకలు. బండి అప్పజెప్పిన దేవిడీ డ్రైవరు నవ్వలేదు పాపం. పెద్దింటి నౌకరీ చేసినవాడు. బానెట్ ఎత్తి నాకు ఒక సన్నని కడ్డీ చూపించాడు. మనం యాక్సిలరేటర్ పెడల్ ఎంత తొక్కామో గేర్ల పెట్టెకు చెప్పేది అదేనన్నాడు. మెల్లగా తొక్కితే గేరు తొందరగా, మెత్తగా మారుతుంది. గట్టిగా తొక్కితే ఆలస్యంగా, ఊపుతో మారుతుంది. నేను పండితుడిలా తల ఊపాను. బండి నడపడం నా వంతైంది, వెనక క్యాన్లు పట్టుకుని కూర్చోవడం ఆయన వంతు.

దసరా దాకా బండి వెన్నలా నడిచింది. దసరా తర్వాత గేరు మారినప్పుడల్లా వెనక నుంచి బర్రె పొడిచినట్టు ఒక కుదుపు మొదలైంది. క్యాన్ల మూతలు ఎగిరేవి. పోనుపోను అది ఎక్కువైంది. పేటలో పేరున్న మిస్త్రీని తీసుకొచ్చాం. బానెట్ కూడా ఎత్తలేదు ఆయన. "ఇస్కు క్లచ్చిచ్ నై, పహిల్వాన్! మై హాత్ నై లగాతా" అని చేతులు దులుపుకుని వెళ్లిపోయాడు. క్లచ్ లేనిదాని మీద చెయ్యి వెయ్యడట.

కుదిపితే కుదిపింది, పాలే కదా అనుకునే రోజులైతే నవ్వి ఊరుకునేవాళ్లం. కానీ అప్పుడే మా అక్క పురిటికి వచ్చింది. పెద్దబాపుకు ఒక్కతే కూతురు. అంతకుముందు ఒకసారి ఏడో నెలలో, టాంగా రాళ్ల మీద ఎగిరిపడిన రోజే కడుపు పోయింది. ఈసారి డాక్టరమ్మ ఇంటికొచ్చి చూసి, దవాఖానలోనే కనాలి, వారంలోపు తీసుకురండి అంది. టాంగా వద్దు, రిక్షా వద్దు, ఒక్క కుదుపు తగలకూడదు అంది. దవాఖాన మూసీ అవతల.

ఆ మధ్యాహ్నం పెద్దబాపు అన్నం ముందు కూర్చుని ముద్ద కలుపుతూనే ఉన్నాడు, నోట్లో పెట్టలేదు.

"రేపు బండి జూద్దం" అన్నాడు చివరికి.

"మిస్త్రీయే చెయ్యి పెట్టలె. మనమేం జూస్తం?"

"వానికి భయం లేదు బిడ్డా. నాకున్నది. భయపడెటోనికే చెవులుంటయ్."

మర్నాడు పొద్దున, బండి వెనక అక్కకు పరుపు వెయ్యాల్సిన చోట, పెద్ద తపేలా నిండా తోడుకున్న పెరుగు పెట్టాడు. దాని పక్కన తాను బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. కత్తితో కొయ్యొచ్చు అన్నంత గట్టిగా ఉంది పెరుగు. అది పగలకుండా తిరిగొస్తే అక్కను తీసుకుపోవచ్చు. పగిలితే లేదు. పాల ఇంట్లో పుట్టినవాడికి ఇంతకంటే మంచి కొలత ఎక్కడ దొరుకుతుంది?

రైలు పట్టాల వెంబడి ఉన్న ఖాళీ రోడ్డు మీద నడిపాను. గేరు మారింది. పెరుగు పగిలింది. ఇంటికొచ్చి ఇంకో తపేలా ఎక్కించాం. అదీ పగిలింది. పెద్దమ్మ గుమ్మంలో నిలబడి, "ఇయ్యాల పేటంత మజ్జిగే తాగాలె ఇగ!" అంది. ఎవరం నవ్వలేదు. లోపల్నుంచి అక్క, "ఏమైంది బాపూ?" అని అడిగింది. "ఏం లేదు బిడ్డా, ఫికర్ జెయ్యకు" అన్నాడు. పగిలిన తపేలా మీద కండువా కప్పాడు. నేను బండి ఎక్కి ఇంజను వేశాను.

మొదట నూనె చూశాం. ఇంజను నడుస్తుండగానే గేర్ల పెట్టెలోని కొలపుల్ల తీశాను. నూనె గుర్తు దాకా ఉంది. పెద్దబాపు వేలితో రాసి వాసన చూశాడు. "మాడు వాసన లేదు. అడుగంటలె" అన్నాడు, పాల గురించి చెప్పినట్టే.

మూడోసారి వెళ్లినప్పుడు వెనక అద్దం మీద కొట్టి ఆపించాడు.

"ఇప్పుడు ఎంత తొక్కినవ్?"

"గట్టిగనే."

"మల్ల మెల్లగ తొక్కు."

పెడల్ మీద పాదం ఉందా లేదా అన్నట్టు తొక్కాను. అదే ఆలస్యం, అదే కుదుపు.

"రెండుసార్లు ఒక్కతీరే పొడిచింది" అన్నాడాయన. "నువ్వు మెల్లగ తొక్కినా, గట్టిగ తొక్కినట్టే అనుకుంటున్నది. దానికెవడో అబద్ధం జెప్తున్నడు."

అప్పుడు దేవిడీ డ్రైవరు చూపించిన కడ్డీ నాకు గుర్తొచ్చింది. బానెట్ ఎత్తి, కడ్డీ వెంట వేలు పెట్టుకుంటూ లోపలికి పోయాను. చీకట్లో వేలికి ఏదో గుచ్చుకుంది. ఇనుప తీగ. తీగకు గుచ్చిన ఎండు నిమ్మకాయలు, మిరపకాయలు, బొగ్గు ముక్క. ఒకటి కాదు, వరసగా మూడు దండలు. తీగ బిగిసి కడ్డీని ఒక పక్కకు లాగి పట్టుకుంది. నేను పెడల్ తాకినా తాకకపోయినా, సగం తొక్కినట్టే కడ్డీ చెబుతోంది.

"పెద్దబాపూ, ఎవరు కట్టిన్రు దీన్ని?"

"నేనే గట్టిన" అన్నాడు.

దిష్టి దండ అందరూ బంపరుకు కట్టుకుంటారు. బంపరుకు కడితే మేకలు తింటాయని, పేటవాళ్ల కళ్లు పడతాయని, ఈయన దసరా రోజు లోపల, ఎవరికీ కనపడని చోట, తెగకుండా తీగతో కట్టాడు. కుదుపు మొదలైంది. దిష్టి తగిలిందని ఇంకోటి కట్టాడు. కుదుపు పెరిగింది. ఇంకోటి కట్టాడు.

"నవ్వు, నవ్వు" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. తీగ తీస్తే కుదుపు పోతుంది. కానీ బిడ్డను మూసీ దాటించే రోజున, బండికి కట్టిన కాపు తనే విప్పాలి. అది ఆయనకు ఎంత భయమో ఆ ముఖం చూసిన నాకు తెలుసు. బానెట్ అంచు పట్టుకుని నిలబడ్డాడు. చెమట మీసాల మీదుగా కారింది.

"నేను తీస్తా తియ్" అన్నాను.

"వద్దు. కట్టినోడే విప్పాలె."

విప్పాడు. ఒక్కొక్క ముడి, మెల్లగా. ఆ మూడు దండలూ పారెయ్యలేదు. బనీను లోపల, ఒంటికి ఆనేలా పెట్టుకున్నాడు. పెద్దమ్మ గుండెలు బాదుకుంది: "అయ్యో, దిష్టి గుంజిన కాయలు ఒంటి మీద పెట్టుకుంటరా ఎవరన్న? దాని పీడంత నీకు తగుల్తది!"

"తగలనియ్. బండికి తగిలేది నాకు తగలనియ్" అన్నాడు మా పహిల్వాన్.

నాలుగో తపేలాలో పెరుగు పగల్లేదు. అంచున నీటి చుక్క కూడా తేలలేదు.

ఆ సాయంత్రమే, ఎండ దిగకముందే, అక్కను పరుపు మీద పడుకోబెట్టి బయల్దేరాం. పెద్దబాపు వెనకే కూర్చుని అక్క తలను తన తొడ మీద పెట్టుకున్నాడు. దబీర్‌పురా దర్వాజా కింద నుంచి పోతుంటే నా వీపంతా తడిసింది. గేరు మారే చోటు వచ్చిన ప్రతిసారీ ఊపిరి బిగబట్టాను. గేరు ఎప్పుడు మారిందో నాకే తెలియలేదు. వంతెన ఎక్కాక అద్దంలో చూశాను. పెద్దబాపు కళ్లు తెరుచుకునే ఉన్నాయి. రెప్ప కూడా వెయ్యకుండా నీళ్లకేసి చూస్తున్నాడు, కుక్కను చూపుతో ఆపినట్టు.

దవాఖాన ముందు ఆపినప్పుడు అక్క అడిగింది: "ఇంకా బయల్దేరలేదా బాపూ?"

"ఒచ్చినం బిడ్డా" అన్నాడు.

అక్కకు ఆడపిల్ల క్షేమంగా పుట్టింది. మొన్న ఇంట్లో జనం మధ్య అటూ ఇటూ పరుగెత్తి అందరి చేతా తిట్లు తిన్నది అదే. నాకు ధైర్యం గురించి చాలామంది చెప్పారు, చాలా చదివాను. పెద్దబాపు చెప్పింది మాత్రం చెవిలోంచి పోదు: "ధైర్యమున్నోడు బండి నడుపుతడు. భయమున్నోడు ఇంటికి తెస్తడు."

ఆ సాయంత్రం అక్కను నర్సులు లోపలికి తీసుకుపోయాక, పాఠకులారా, నేను బండి వెనక్కి వెళ్లి చూశాను. పరుపు మీద అక్క పడుకున్న మేర చిన్న గుంత పడి ఉంది. పెద్దబాపు కింద నిలబడి, అరచెయ్యి ఆ గుంతలో ఆనించి పెట్టాడు. అందులో అక్క ఒంటి వెచ్చదనం చల్లారే దాకా తియ్యలేదు.